వార్తలు ఆగిపోయాక కూడా: మన సేవా సంఘం వార్షిక నివేదిక

ప్రియమైన సభ్యులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

పోయినసారి సర్వసభ్య సమావేశం ముగిసే వేళకు ఒక పెద్దావిడ లేచి, "ఆ భూకంపానికి మనం డబ్బులు పంపాం కదా, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు బాబూ?" అని అడిగారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల్లో 50,000 మందికి పైగా ప్రాణాలు తీసిన భూకంపం గురించి ఆవిడ అడిగింది. ఆ వారం మనం కన్నీళ్లతో ప్రార్థన చేశాం. కానుక పోగుచేసి పంపాం. రసీదు ఫైల్లో పెట్టాం. తర్వాత ఇంకో దేశంలో వరద వచ్చింది, మరో దేశంలో యుద్ధం వచ్చింది, ముందుది మరిచిపోయాం. కార్యదర్శిగా జవాబు చెప్పాల్సింది నేను. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడాది కమిటీ చేసిన పనులన్నీ ఆ ప్రశ్న నుంచే పుట్టాయి. టీవీలో ఏది కనిపిస్తే దానికి కొంత పంపే పద్ధతి ఆపేశాం. మూడు బాధల్ని ఎంచుకుని, ఏడాది పొడవునా వాటినే అంటిపెట్టుకుని ఉండాలని మొదటి నెలలోనే తీర్మానించాం. సుడాన్ ప్రజల ఆకలి ఒకటి, కుష్ఠు వ్యాధి రెండోది, కాన్పు కష్టంలో గాయపడిన స్త్రీలు మూడోది. నెలనెలా మొదటి బుధవారం వాటిలో ఒకదాని గురించి చదువుకున్నాం, చదివినదాన్ని పట్టుకుని ప్రార్థన చేశాం. ప్రతి శుక్రవారం ఒక పూట ఉపవాసం ఉండి ఆ భోజనం ఖర్చు డబ్బాలో వేశాం. మన కార్యక్రమం ఇంతే. ఇది మరీ చిన్నదిగా ఉందని కొందరు సభ్యులు అన్నారు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది.

సుడాన్ కోసం

ఎక్కువ బుధవారాలు సుడాన్‌కే పోయాయి. 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన పోరు దేశమంతా పాకింది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. లక్షలాది మంది సరిహద్దు దాటి చాద్‌కు, దక్షిణ సుడాన్‌కు, ఈజిప్టుకు చేరారు. 2024 ఆగస్టులో ఉత్తర దార్ఫుర్‌లోని జంజమ్ శిబిరంలో క్షామం ఉందని నిపుణులు ధ్రువీకరించారు. ఆ మాటను వాళ్లు ఊరికే వాడరు. ఒక ప్రాంతంలో ప్రతి 5 ఇళ్లలో ఒక ఇంటికి తిండి దాదాపు పూర్తిగా కరువై, ప్రతి 10 మంది పిల్లల్లో కనీసం ముగ్గురు తీవ్రంగా చిక్కిపోయి, ప్రతి 10,000 మందిలో రోజుకు కనీసం ఇద్దరు చనిపోతుంటేనే క్షామం అంటారు. అంటే ఆ మాట మన చెవిన పడేసరికి చాలామంది పోయినట్టే. ఈ సంగతి తెలిసిన రోజు మన ప్రార్థనలో ఎవరికీ చాలాసేపు నోరు పెగలలేదు.

నర్సుగా పనిచేసి రిటైరైన మన సభ్యురాలు ఒకరు ఆ తర్వాతి నెల ఒక కాగితపు పట్టీ తెచ్చారు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత ఇలాంటి పట్టీతోనే కొలుస్తారు. 125 మిల్లీమీటర్లు దాటితే ఆకుపచ్చ, అంతకంటే తగ్గితే పసుపు, 115కు లోపైతే ఎరుపు. ఎరుపు అంటే బిడ్డ ప్రాణానికి ముప్పు. ఆవిడ ఆ పట్టీని 115 దగ్గర ఉంగరంలా చుట్టి అంటించి అందరి చేతుల్లో తిప్పారు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కూడా లేదు. నా రెండు వేళ్లు పెడితే నిండిపోయింది. ఒక బిడ్డ చెయ్యి అంతే ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు. మనవడు పుట్టిన కొత్తలో ఉన్న ఒక తాతగారు దాన్ని పక్కవారికి ఇవ్వలేక కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు.

అలాంటి బిడ్డకు ఇచ్చే ఆహారం గురించి కూడా ఆవిడే చెప్పారు. వేరుశనగ ముద్ద, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపిన 92 గ్రాముల పొట్లం ఒక్కోటి సుమారు 500 కేలరీలు ఇస్తుంది. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. నీళ్లు కలపక్కర్లేకపోవడమే దాని గొప్పతనం. శిబిరాల్లో శుభ్రమైన నీరు దొరకదు, మురికి నీళ్లలో కలిపిన పాలపొడి బిడ్డకు విరేచనాలు పట్టిస్తుంది. ఈ పొట్లాలు రాకముందు తీవ్రంగా చిక్కిన పిల్లల్ని వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు వేరే జబ్బు లేని బిడ్డకు తల్లి ఇంటి దగ్గరే తినిపించుకోవచ్చు. మన శుక్రవారం డబ్బాల్లో సుడాన్ వాటా అంతా ఈ పొట్లాలకే వెళ్లింది.

అక్కడే నూబా కొండల్లో గిడెల్ అనే చోట మదర్ ఆఫ్ మెర్సీ అనే కాథలిక్ ఆసుపత్రి ఉంది. డాక్టర్ టామ్ కాటెనా అనే అమెరికన్ మిషనరీ సర్జన్ 2008 నుంచి అక్కడ ఉన్నారు. ఆ కొండల్లో యుద్ధం రేగినప్పుడు బయటివాళ్లు వెళ్లిపోయారు, ఆయన ఉండిపోయారు. 2014లో ఆ ఆసుపత్రి ఆవరణ మీద బాంబులు పడ్డాయి. అయినా కదల్లేదు. ఏళ్ల తరబడి ఆ ప్రాంతంలో లక్షలాది మందికి ఆయనే సర్జన్. అక్కడికొచ్చే రోగుల్లో ముస్లింలు ఉంటారు, క్రైస్తవులు ఉంటారు, సంప్రదాయ మతాలవాళ్లు ఉంటారు. ఎవరైనా మంచం ఒకటే, మందు ఒకటే. 2017లో మానవసేవకు ఇచ్చే అరోరా బహుమతి ఆయనకు వచ్చింది. మా బుధవారం గుంపుకు బహుమతి కన్నా ఆయన ఉండిపోవడమే పట్టుకుంది. తన రోగుల్ని వదిలి వెళ్లలేకపోవడం తప్ప ఆయన పెద్ద పథకం ఏదీ వేసుకున్నట్టు కనిపించదు.

షరతు గురించి జరిగిన చర్చ

ఈ ఏడాది మనలో మనకు గట్టిగా వాదన జరిగిన విషయం ఒకటుంది. దాన్ని దాచకుండా రాయాలని కమిటీ చెప్పింది. సహాయం అందుకునేవాళ్లకు సువార్త కూడా చెప్పే సంస్థలకే మన కానుక పంపాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. వాళ్లు మనసులో ప్రేమతోనే అడిగారు, అందులో నాకు అనుమానం లేదు. "శరీరానికి ఆహారం పెట్టి ఆత్మను ఆకలితో వదిలేస్తామా?" అని ఒకరు అడిగినప్పుడు వెంటనే కొట్టిపారేయలేకపోయాం.

రెండు సమావేశాలు దీనికే సరిపోయాయి. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమమూ, పెద్ద సహాయ సంస్థలూ కలిసి విపత్తు సహాయానికి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్ని బట్టే సహాయం చేయాలనీ, సహాయాన్ని ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు నెట్టడానికి వాడకూడదనీ అందులో ఉంది. దాన్ని ముందుండి నడిపించిన వాటిలో చర్చిలకు చెందిన కారిటాస్ ఇంటర్నేషనాలిస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయని తెలిసి కొందరు ఆశ్చర్యపోయారు. ఆ నియమాన్ని బయటివాళ్లు చర్చిల మీద రుద్దలేదన్నమాట, చర్చిలే దాన్ని ఒప్పుకుని చేతికెత్తుకున్నాయి.

అయినా చర్చను తేల్చింది ఆ నియమావళి కాదు. యువజనుల్లో ఒక అమ్మాయి లూకా సువార్త 17వ అధ్యాయం తీసింది. యేసు పదిమంది కుష్ఠు వ్యాధిగ్రస్తుల్ని బాగుచేశాడు. ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు, వాడు కూడా యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు, బాధపడ్డాడు. కానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. "మనం తీసుకుంటామా?" అని ఆ అమ్మాయి అడిగింది. అడిగి కూర్చుంది.

నా అభిప్రాయం కూడా ఇక్కడ చెప్పాలి. మూడు రోజులుగా తిండిలేని మనిషి ముందు రొట్టె పట్టుకుని "నమ్ముతావా?" అంటే, వచ్చే జవాబు ఆకలిది, ఆ మనిషిది కాదు. అలాంటి జవాబు దేవుడికి అక్కర్లేదని నేను నమ్ముతున్నాను. యేసు చెప్పిన కథలో గాయపడినవాడిని గాడిద మీద ఎక్కించుకున్న సమరయుడు అతన్ని ఏ ప్రశ్నా అడగలేదు. నువ్వెందుకు ఇదంతా చేస్తున్నావని బాధలో ఉన్నవాళ్లే అడిగితే మన విశ్వాసం గురించి దాచకుండా చెప్పాలి. అడగకపోయినా చెయ్యి ఆగకూడదు. చివరికి ఆ షరతు లేకుండానే కానుక పంపాలన్న తీర్మానం ఏకగ్రీవంగా కుదరలేదు, మెజారిటీతో నెగ్గింది. వ్యతిరేకించిన సభ్యులు ఆ తర్వాత కూడా ఒక్క శుక్రవారం డబ్బా ఆపలేదు. వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కుష్ఠు వ్యాధి

జనవరి చివరి ఆదివారం ప్రపంచ కుష్ఠు దినం. ఆ రోజు ఆరాధన తర్వాత ప్రత్యేక కూడిక పెట్టాం. నార్వే వైద్యుడు ఆర్మాయర్ హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించింది 1873లో. సరిగ్గా అదే ఏడాది ఫాదర్ డేమియన్ అనే బెల్జియం గురువు హవాయిలోని మొలొకాయ్ దీవికి వెళ్లారు. వ్యాధి సోకినవాళ్లను ప్రభుత్వం అక్కడికి తరిమి వదిలేసేది. ఆయన వాళ్ల ఇళ్లు కట్టారు, పుళ్లు కడిగారు, శవపేటికలు చేశారు. చివరికి అదే వ్యాధి తనకూ సోకి 1889లో 49 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన మొలొకాయ్ వెళ్లిన మరుసటి ఏడాది, 1874లో, వెల్లెస్లీ బెయిలీ మొదలుపెట్టిన లెప్రసీ మిషన్ ఇప్పటికీ పనిచేస్తోంది.

వేళ్లు రాలిపోయేది మాంసం కుళ్లడం వల్లనే అని చాలాకాలం అనుకునేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ అది సరికాదని చూపించారు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడమే అసలు నష్టం. నొప్పి తెలియని మనిషి కాలుతున్న గిన్నెను పట్టుకుంటాడు, చెప్పులో గుచ్చుకున్న మేకు మీదే రోజంతా నడుస్తాడు. ఆ దెబ్బలు మానక వేళ్లు పోతాయి. అందుకే వంకరపోయిన చేతులకు ఆయన చేసిన స్నాయువుల ఆపరేషన్లతో పాటు మెత్తటి రబ్బరు చెప్పులకూ అంత విలువ వచ్చింది. నొప్పిని దేవుడిచ్చిన కాపలాగా ఎప్పుడూ తలచుకోని మాకు ఆ సాయంత్రం కొత్తగా తెలిసింది చాలా ఉంది.

బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లో సిఫార్సు చేసింది. 1995 నుంచి ఆ మందులు ప్రపంచమంతటా ఉచితం. 6 నుంచి 12 నెలలు మందు వాడితే వ్యాధి నయమవుతుంది. అయినా 2023లో ప్రపంచంలో 1,80,000 మందికి పైగా కొత్తగా ఈ వ్యాధి బయటపడింది. మందు ఉండి కూడా ఆలస్యంగా వస్తున్నారంటే కారణం సిగ్గు, భయం. ఆ సిగ్గును పెంచే మాటలు మన నోట్లోనే ఉన్నాయి. పాపాన్ని కుష్ఠుతో పోల్చి ప్రార్థించడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది విని వెనక వరసలో కూర్చున్న మనిషి ఏమనుకుంటాడో మనం ఎప్పుడూ ఆలోచించలేదు. ఇకపై మన కూడికల్లో ఆ పోలిక వాడకూడదనీ, మనిషిని జబ్బు పేరుతో పిలవకుండా "కుష్ఠు వ్యాధి ఉన్నవారు" అనాలనీ నిర్ణయించాం. ఒక్క రూపాయి ఖర్చు లేని పని. నా మట్టుకు ఈ ఏడాది మనం చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

కాన్పులో గాయపడినవాళ్లు

ఈ అంశం ఎంచుకున్నప్పుడు కూడికలో మాట్లాడటానికి మగవాళ్లం చాలా మొహమాటపడ్డాం. స్త్రీల సహవాసమే ముందుకొచ్చి నడిపించింది. బిడ్డ అడ్డం తిరిగినా, దారి చాలకపోయినా, ఆపరేషన్ చేసే చోటు దొరక్క రెండు మూడు రోజులు నొప్పులు పడిన తల్లికి లోపలి కణజాలం నలిగి చిల్లు పడుతుంది. బిడ్డ చాలాసార్లు దక్కదు. ఆ తర్వాత మూత్రం ఆగకుండా కారిపోతూనే ఉంటుంది. వాసన వస్తోందని భర్త వదిలేస్తాడు, ఇంటివాళ్లు దూరంగా ఉంచుతారు. దీన్ని ఫిస్టులా అంటారు. ఒక ఆపరేషన్‌తో చాలామందికి నయమవుతుంది.

ఆస్ట్రేలియాకు చెందిన కేథరిన్ హామ్లిన్, న్యూజిలాండ్‌కు చెందిన ఆమె భర్త రెజినాల్డ్ ఇద్దరూ విశ్వాసులైన వైద్యులు. 1959లో ఇథియోపియాకు వెళ్లారు. 1974లో అడిస్ అబాబాలో ఈ స్త్రీల కోసమే ఆసుపత్రి తెరిచారు. భర్త పోయాక కూడా ఆమె అక్కడే ఉండి, 2020లో 96 ఏళ్ల వయసులో అదే ఊళ్లో కన్నుమూశారు. కానీ మా అందరి గుండెల్లో నిలిచిపోయింది మామిటు గాషే. చిన్న వయసులో ఇదే గాయంతో హామ్లిన్ దంపతుల దగ్గరికి వచ్చిన పల్లెటూరి ఇథియోపియా స్త్రీ ఆమె. చదువు లేదు. బాగయ్యాక వెనక్కి వెళ్లలేదు. వార్డులో సాయం చేస్తూ, ఆపరేషన్లు చూస్తూ నేర్చుకుని, తానే ఫిస్టులా సర్జన్ అయ్యారు. తర్వాత డాక్టర్లకు కూడా నేర్పించారు. ఇది చదివినప్పుడు మన స్త్రీల సహవాసంలో ఒకరు, "మనం సాయం చేసేవాళ్లం, వాళ్లు తీసుకునేవాళ్లు అని గీత గీసుకున్నాం, ఆ గీత లేదక్కా" అన్నారు.

సముద్రం మీద తిరిగే ఆసుపత్రుల గురించి కూడా ఒక బుధవారం చదివాం. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ ఓడల్లో ఆఫ్రికా తీరాల్లోని పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. అక్కడి వైద్యులకు శిక్షణ కూడా ఇస్తారు. ఓడ వెళ్లిపోయినా ఆ శిక్షణ అక్కడే మిగులుతుంది. వచ్చే ఏడాది దీని గురించి మరోసారి వివరంగా చదవాలని ఉంది.

మనం చేసిన పొరపాటు

కొన్నేళ్ల కిందట ఒక తుఫాను బాధితుల కోసం పాత బట్టలు మూటలు కట్టి పంపాం. ఆ మూటలు ఏమయ్యాయో ఈ ఏడాది కనుక్కున్నాం. చాలావరకు పంచలేదట. వర్షంలో నానిపోయాయి. వాటిని ఏరడానికి, తీసేయడానికి అక్కడివాళ్లు తమ మనుషుల్నే పెట్టుకోవాల్సి వచ్చింది. మన ఇంట్లో అక్కర్లేనిది వాళ్లకు అక్కరకొస్తుందని అనుకోవడం తప్పు. సర్వస్వం పోగొట్టుకున్న మనిషికి కూడా తనకేం కావాలో తెలుసు. నమ్మకమైన సంస్థ ద్వారా వెళ్లే డబ్బుతో అక్కడి మార్కెట్లోనే సరుకు కొంటే అక్కడి వ్యాపారి కూడా లేచి నిలబడతాడు. ఇకపై బట్టలు, వస్తువులు సేకరించం.

అలాగే అనాథాశ్రమాల్లో పిల్లల ఫోటోలు అడగడం మానేశాం. ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉంటారు, పేదరికం వల్ల అక్కడ వదులుతారు. బిడ్డ తన ఇంట్లోనే పెరిగేలా కుటుంబానికి సాయం చేసే పనులకు ఆ కానుక మళ్లించాం.

ఓదార్పు శిక్షణ

ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో మానసిక ప్రథమ చికిత్స మీద ఒక కరదీపిక తెచ్చాయి. దాని ఆధారంగా ఒక శనివారం అంతా శిక్షణ జరిగింది. చూడటం, వినటం, అవసరమైనవాళ్లతో కలపటం, ఈ మూడే అందులో అసలు సంగతి. బాధలో ఉన్నవాళ్లను జరిగిందంతా చెప్పమని బలవంతపెట్టకూడదు. అంతా సర్దుకుంటుందని మన చేతిలో లేని మాట ఇవ్వకూడదు. "దేవుడి చిత్తం" అని వెంటనే అనడం కూడా మానాలని శిక్షకురాలు చెప్పినప్పుడు కొంత గుసగుస మొదలైంది. యోబు స్నేహితుల గురించి ఒక పెద్దాయన గుర్తుచేశాక అది ఆగింది. వాళ్లు ఏడు రోజులు నేల మీద యోబు పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు విప్పాకే తప్పు మొదలైంది.

జమాఖర్చులు

ఆడిట్ అయిన పట్టిక కోశాధికారి సంతకంతో విడిగా పంపాం, దయచేసి చదవండి. మనవాళ్లను నమ్మాలి గానీ లెక్క అడగడం దేనికని కొందరు అంటుంటారు. యూదయలో కరువు వస్తుందని విని అంతియొకయ శిష్యులు ఎవరి శక్తికొద్దీ వాళ్లు కానుక పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపారు. తర్వాత పౌలుగా పేరుపొందిన అదే సౌలు మరో కానుక తీసుకెళ్లేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని తోడుగా మనుషుల్ని పెట్టుకున్నట్టు కొరింథీయులకు రాశాడు. ఆయనే అంత జాగ్రత్తపడితే మనం పడకుండా ఎలా? ఏటా లెక్కలు బయటపెట్టే, నమోదైన సంస్థలకే మన కానుక వెళ్లింది. ఈ ఏడాది ప్రతి సంస్థనూ రసీదుతో పాటు, ఆరు నెలల తర్వాత అక్కడి పరిస్థితి రాసి పంపమని అడిగాం. కొన్ని రాశాయి. రాయని ఒక సంస్థకు రెండుసార్లు గుర్తుచేశాం, ఇంకా ఎదురుచూస్తున్నాం.

వచ్చే ఏడాది కూడా ఇవే మూడు అంశాలు కొనసాగించాలని కమిటీ ప్రతిపాదన. మార్చాలనుకునే సభ్యులు సమావేశంలో చెప్పండి. శుక్రవారం డబ్బాలు ఆ రోజు వెంట తెండి. సుడాన్ పిల్లల కోసం ప్రార్థనకు అరగంట వేరుగా ఉంచాం.

ఇక ఆ పెద్దావిడ ప్రశ్న. భూకంపం కానుకను మనం ఏ సంస్థ ద్వారా పంపామో వాళ్లకే రాశాను. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. తుర్కియేలో ఇల్లు కోల్పోయిన చాలా కుటుంబాలు రెండేళ్ల తర్వాత కూడా కంటైనర్ గదుల్లోనే ఉన్నాయని రాశారు. ఆవిడ ఇప్పుడు నడవలేని స్థితిలో ఉన్నారు కాబట్టి ఇంటికెళ్లి ఆ ఉత్తరం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. "పిల్లలు బడికెళ్తున్నారో లేదో రాయలేదేం?" అని అడిగారు. అది కూడా రాసి పంపాను. జవాబు వస్తే సమావేశంలో చదువుతాను.

ప్రభువు సేవలో మీ,
కార్యదర్శి